కమ్యూనిటీ రేడియోలో స్టేషన్ బాధ్యత తీసుకుంటే ఆ తర్వాత దారి ఎటు?

వేకువ ప్రసారం
రాయలసీమలో ఒక స్వచ్ఛంద సంస్థ నడుపుతున్న కమ్యూనిటీ రేడియోలో, అంటే చుట్టుపక్కల ఊళ్లవారి కోసం నడిచే చిన్న ఎఫ్ఎం స్టేషనులో, ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. మొదట కమ్యూనిటీ రిపోర్టరుగా చేరి, చేతిలో రికార్డరు పట్టుకుని రచ్చబండల చుట్టూ, ఉపాధి హామీ పనుల దగ్గర తిరిగాను. తర్వాత ఎడిటింగ్ నేర్చుకున్నాను. గత రెండేళ్లుగా కార్యక్రమాల సమన్వయకర్తను. మా స్టేషన్ హెడ్ హైదరాబాదులో వేరే ఉద్యోగం దొరికి వెళ్లిపోవడంతో, ఆ బాధ్యత నన్ను తీసుకొమ్మని సంస్థవారు అడిగారు. ఇప్పుడు నెలకు 14,000 రూపాయలు వస్తున్నాయి, ఆ కుర్చీలో కూర్చుంటే 18,000 ఇస్తామన్నారు. నాకు 34 ఏళ్లు, డిగ్రీ మధ్యలో ఆగిపోయింది. పని మీద ఇష్టం లేక అడగడం లేదు. ఆకాశవాణిలో చేరినవారికి ముందు ఏ పదవి వస్తుందో, ఎప్పుడు వస్తుందో కొంతైనా తెలుస్తుంది. మాకు స్టేషన్ హెడ్ తర్వాత ఏముంది? ఈ దారిలో నడిచినవారు ఎక్కడ తేలారో తెలిస్తే చెప్పండి.

పాత ట్రాన్సిస్టర్
ఆకాశవాణిలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి ఆ పోలిక గురించి చెబుతాను. మాకు ట్రాన్స్‌మిషన్ ఎగ్జిక్యూటివ్, ప్రోగ్రామ్ ఎగ్జిక్యూటివ్, అసిస్టెంట్ డైరెక్టర్, స్టేషన్ డైరెక్టర్ అని మెట్లు ఉండేవి. అయితే మెట్లు ఉన్నంత మాత్రాన అందరూ ఎక్కారని అనుకోకండి. ఒకే హోదాలో ఇరవై ఏళ్లు గడిపిన సహోద్యోగులు నాకు తెలుసు, క్యాజువల్ అనౌన్సర్లుగానే జుట్టు నెరిసినవారూ తెలుసు. మీకు అసలు నిచ్చెనే లేదన్న మాట మాత్రం నిజం. ముందుగా చేయవలసిన పని ఒకటి ఉంది. హోదా, జీతం, అధికారాలు, సెలవులు రాసిన నియామక పత్రం అడిగి తీసుకోండి. నోటిమాట మీద స్టేషన్ నడిపితే రేపు ఇంకొకరి నోటిమాట మీద దిగిపోవలసి వస్తుంది.

సైడ్‌బ్యాండ్
స్టేషన్ హెడ్ అయ్యానని మా అత్తగారింట్లో చెబితే మా మామగారు ఏ రైల్వే స్టేషన్ అని అడిగారు. రేడియో అని చెప్పాక ఆయన ముఖంలో గౌరవం కాస్త తగ్గింది.

జొన్నకంకి
వేకువ ప్రసారం గారూ, ఆకాశవాణి మెట్లతో పోల్చుకుంటే మీకు ఎప్పటికీ దిగులే మిగులుతుంది. మన దగ్గరే ఉన్న ఉదాహరణ చూడండి. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లోని సంఘం రేడియోను నడిపిన జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ ఇద్దరూ దళిత కుటుంబాల ఆడబిడ్డలు. పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థవారి బడి పచ్చసాలెలో చదువుకుని రేడియో పనిలోకి వచ్చారు. మాస్ కమ్యూనికేషన్ పట్టా ఎవరూ అడగలేదు. 1990ల చివరలో యునెస్కో సాయంతో అక్కడ స్టూడియో సిద్ధమైంది గాని ప్రసారానికి అనుమతి లేదు. ఏళ్ల తరబడి కార్యక్రమాలు రికార్డు చేసి, క్యాసెట్లు ఊళ్లకు పట్టుకెళ్లి, సంఘం సమావేశాల్లో ఆడవాళ్ల మధ్య కూర్చుని వినిపించారు. వినేవాళ్లు ముఖం మీదే బాగుంది, బాగాలేదు అని చెప్పేసేవారు. 2008 అక్టోబరు 15న, గ్రామీణ మహిళల దినం రోజున, 90.4 ఎఫ్ఎం మీద సంఘం రేడియో మొదలైంది. ప్రారంభించినది జస్టిస్ పి.బి. సావంత్. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో తీర్పు చెప్పిన సుప్రీంకోర్టు ధర్మాసనంలో ఆయన ఒకరు. ఆ స్టేషనుకు నాయకత్వం వహించడానికి కావలసిన శిక్షణ అంతా ఆ క్యాసెట్ల కాలంలోనే జరిగిందని నా అభిప్రాయం.

గీతల చొక్కా
దేశంలో మొదటి కమ్యూనిటీ రేడియో చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయానిది కదా? 2004లోనే వచ్చింది.

జొన్నకంకి
గీతల చొక్కా గారూ, సంఘం రేడియో మొదటిదని నేను రాయలేదు, అయినా తేడా చెప్పుకోవడం మంచిదే. అన్నా ఎఫ్ఎం విశ్వవిద్యాలయ ప్రాంగణంలోది. ఆనాటి విధానం విద్యాసంస్థలకు మాత్రమే అవకాశం ఇచ్చింది. 2006 నవంబరులో విధానం మారాకే స్వచ్ఛంద సంస్థలు దరఖాస్తు చేసుకోగలిగాయి, సంఘం రేడియో ఆ దారిన వచ్చింది. ప్రాంగణ రేడియోలో నాయకుడు సాధారణంగా అధ్యాపకుడు, జీతం కళాశాల ఇస్తుంది. మన ప్రశ్న రెండో రకం స్టేషను గురించి.

బుడికోట దారి
మాది కోలారు వైపు, ఇంట్లో తెలుగు, బయట కన్నడం. హైదర్ అలీ పుట్టిన ఊరుగా పేరున్న బుడికోటలో నమ్మ ధ్వని అనే కమ్యూనిటీ రేడియో కూడా అనుమతులు దొరకని రోజుల్లో కేబుల్ తీగ ద్వారా ఇళ్లకు ధ్వని పంపించింది. జొన్నకంకి గారు చెప్పినట్లు, లైసెన్సు రాకముందు నేర్చుకున్న పనే అక్కడివారికీ పునాది. కాకపోతే తీగ ఎక్కడ తెగిందో వెతుక్కుంటూ తిరగడం కూడా కార్యక్రమ నిర్వహణలో భాగమే అయింది.

ఉప్పుకారం
నేను కొంచెం కటువుగా రాస్తాను, మన్నించాలి. నర్సమ్మల కథ గొప్పదే, దాన్ని నేను తక్కువ చేయడం లేదు. అయితే ఆ కథను ప్రతి సమావేశంలో చెప్పి, చప్పట్లు కొట్టి, కింద పనిచేస్తున్న అమ్మాయికి 14,000 ఇచ్చి పంపించడం చూసి చూసి విసిగిపోయాను. సేవ అనే మాటకు దండ వేసి జీతం అడగనివ్వకుండా చేయడం మన రంగంలో అలవాటుగా మారింది. ఇక్కడ అడిగిన ప్రశ్నలో ఇంకొక చిక్కు కూడా ఉంది. అనుమతి ఒప్పందం ప్రభుత్వానికీ సంస్థకూ మధ్య జరుగుతుంది. స్టేషన్ హెడ్ పేరు మీద ఏదీ ఉండదు. సంస్థ కార్యవర్గంలో ఓటు లేని మనిషి, ఊరంతా తన స్టేషనే అనుకునే మనిషి, రెండు వాక్యాల లేఖతో బయటికి వెళ్లగలరు. నాకు జరిగింది అదే. నేను పెంచిన పిల్లలే మరునాడు నా గొంతు ఉన్న స్టేషన్ పరిచయాన్ని తీసేసి కొత్తది వేయవలసి వచ్చింది.

పాత ట్రాన్సిస్టర్
అందుకే నియామక పత్రం అన్నాను.

ఉప్పుకారం
పత్రం ఉండింది. ఒక నెల ముందు తెలియజేసి తొలగించవచ్చని అందులోనే రాసి ఉంది. పాత ట్రాన్సిస్టర్ గారి సలహాకు నా సవరణ ఇది: పత్రం తీసుకోవడంతో పాటు చదవాలి.

లెక్కల చీటీ
జీతం మాట వచ్చింది కాబట్టి ఆదాయం చూద్దాం. ప్రభుత్వ ప్రకటనల ధర 2024లో 10 సెకండ్లకు 52 రూపాయల నుంచి 74 రూపాయలకు పెంచారు, గంటకు 7 నిమిషాలుగా ఉన్న ప్రకటనల పరిమితిని 12 నిమిషాలు చేశారు. 12 నిమిషాలంటే 720 సెకండ్లు, అంటే 72 ముక్కలు, ఒక్కొక్కటి 74 చొప్పున గంటకు 5,328 రూపాయలు. రోజుకు 8 గంటలు ప్రసారం చేస్తే 42,624. ఈ లెక్కను మా సంస్థ కోశాధికారికి చూపిస్తే ఆయన నవ్వి, ముందు పోయిన ఏడాది బిల్లు వసూలు చేసుకు రమ్మన్నారు. మా స్టేషనులో ప్రభుత్వ ప్రకటనలు పడిన నెలలను వేళ్ల మీద లెక్కించవచ్చు. మిగిలిన రోజుల్లో ఎరువుల కొట్టు, చీరల దుకాణం, పెళ్లిమండపం దిక్కు. కాబట్టి స్టేషన్ హెడ్ కావడమంటే సగం రోజులు ప్రకటనల కోసం తిరగడమేనని తెలిసి ఒప్పుకోండి.

సైడ్‌బ్యాండ్
పెళ్లిమండపం వారు ఆషాఢంలో ప్రకటన ఆపేస్తారు. మా బడ్జెట్ పంచాంగం చూసి వేసుకుంటాం.

మూడు నెలల టేపు
ఎనిమిదేళ్లు స్టేషన్ హెడ్‌గా ఉండి, రెండేళ్ల క్రితం బయటికి వచ్చాను. ఆ పదవిలో నేర్చుకున్నది మాటలాడడం కంటే కాగితాలు భద్రపరచడం ఎక్కువ. ప్రసారమైన ప్రతి కార్యక్రమాన్నీ మూడు నెలలు దాచాలి, నా పేరు అలా వచ్చింది. వైర్‌లెస్ లైసెన్సు గడువు, సలహా కమిటీ సమావేశాల నమోదు, వచ్చిన ఫిర్యాదులు, ఇచ్చిన జవాబులు అన్నీ ఒకరి తలలో ఉండాలి, ఆ తల స్టేషన్ హెడ్‌ది. 2012లో ప్రసార తరంగం వాడుకున్నందుకు కట్టే స్పెక్ట్రమ్ రుసుము ఏడాదికి 19,700 రూపాయల నుంచి 91,000కు పెంచినప్పుడు దేశంలోని కమ్యూనిటీ రేడియోలు ఒక రోజు మౌనం పాటించాయి. పెంపు తర్వాత వెనక్కు పోయింది. నేను పదవిలోకి వచ్చే నాటికి అది పాత కథే, అయినా నాకు అప్పజెప్పిన ఫైళ్లలో అన్నిటికంటే పైన ఆ కాగితాలే ఉన్నాయి. మా ముందువారు ఎందుకలా పెట్టారో మొదటి రుసుము కట్టేటప్పుడు అర్థమైంది.

ఇక దారి ఎటు అన్న ప్రశ్నకు నాకు తెలిసినంతలో చెబుతాను. నాతో పాటు పనిచేసిన స్టేషన్ హెడ్లలో ఒకరు కొత్తగా అనుమతి పొందిన సంస్థలకు పరికరాల ఎంపిక, సిబ్బంది శిక్షణ చూస్తున్నారు. ఒకరు ఆరోగ్య ప్రచార కార్యక్రమాలకు ఆడియో తయారుచేసే బృందంలో ఉన్నారు. ఇంకొకరు ఎన్నికల్లో నిలబడి సర్పంచి అయ్యారు, మైకు ముందు ఆమెకు ఎవరూ సాటి రాలేదు. నేను ఇప్పుడు నాలుగు స్టేషన్లకు తిరిగి వారి పనిని పరిశీలించి నివేదికలు ఇస్తున్నాను. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో యునెస్కో పీఠం వారు, స్టేషన్లు తమ పనిని తామే, ఒకదాన్ని మరొకటి పరిశీలించుకోవడానికి ఒక పద్ధతి తయారుచేశారు. అది చదివాకే, ఎనిమిదేళ్లూ నేను రోజూ చేసిన పనికి పేర్లు ఉన్నాయని తెలిసింది. ఆ పేర్లు తెలియకపోవడం వల్లనే ఇంటర్వ్యూల్లో నోరు పెగిలేది కాదు.

వేకువ ప్రసారం
అందరి మాటలూ రెండుసార్లు చదివాను. ఉప్పుకారం గారు చెప్పిన భయం నాకు ఉంది గాని, దాని కంటే పెద్దది ఇంకొకటి ఉందని మొదట రాయలేదు. నాకు రికార్డరు పట్టుకోవడం దగ్గర నుంచి నేర్పించిన అక్క ఇప్పటికీ రిపోర్టరుగానే ఉన్నారు. ఆమెకు 50 దాటాయి, ఏడో తరగతి వరకు చదివారు. ఈమెయిలు రాయలేరన్న కారణంతో ఆమెను ఎవరూ ఈ కుర్చీకి అడగలేదు. ఊళ్లో ఎవరు ఫోన్ చేసినా ఆమె పేరే అడుగుతారు. రేపు నేను ఆమె సెలవు కాగితం మీద సంతకం పెట్టాలి. ఈ సంగతి ఆలోచిస్తే నాలుగు వేల పెంపు చేతికి అంటడం లేదు.

జొన్నకంకి
ఇది చెప్పాక నాకు మీ ప్రశ్న పూర్తిగా అర్థమైంది. నేను సంఘం రేడియో గురించి రాసినప్పుడు ఒక సంగతి వదిలేశాను. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వ్యవస్థాపకుల్లో ముఖ్యులైన పి.వి. సతీష్ గారు అంతకుముందు దూరదర్శన్‌లో ప్రొడ్యూసరు. టెలివిజన్ నడిపిన అనుభవం ఉన్న మనిషి మైకు ముందు తాను కూర్చోకుండా, పల్లె ఆడవాళ్ల చేతికి కెమెరాలూ రికార్డర్లూ ఇచ్చారు. ఆయన 2023 మార్చిలో పోయారు. మన రంగంలో ఎక్కువ చోట్ల చదువు తక్కువైనవారు గొంతు ఇస్తారు, చదువు ఎక్కువైనవారు సంతకం పెడతారు. ఉప్పుకారం గారు దండ వేయడం అన్నది దీనికీ వర్తిస్తుందని ఒప్పుకుంటున్నాను.

ఉప్పుకారం
జొన్నకంకి గారు ఒప్పుకున్నారు కాబట్టి నేనూ ఒక మెట్టు దిగుతాను. ఆ అక్కను పక్కన పెట్టి మీరు కుర్చీ ఎక్కితే అది మీ తప్పు కాదు, అయితే మార్చే అవకాశం మీ చేతిలో ఉంది. సలహా, కార్యక్రమాల కమిటీలో కనీసం సగం మంది మహిళలు ఉండాలని కమ్యూనిటీ రేడియోలకు కేంద్రం ఇచ్చిన 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆమెకు ఆ కమిటీలో స్థానం, ఏ కార్యక్రమం వెళ్లాలో నిర్ణయించే అధికారం ఇవ్వమని బాధ్యత తీసుకునే ముందే షరతు పెట్టండి. బాధ్యత తీసుకున్నాక అడిగితే అది విన్నపం అవుతుంది.

గీతల చొక్కా
ఈమెయిలు రాయలేకపోతే ఏమైంది, ఫోన్‌లో మాట్లాడితే తెలుగులో అచ్చయ్యే సదుపాయం వచ్చింది. మా నాన్న అలాగే రాస్తున్నారు, రోజూ నాకు పది సందేశాలు.

పాలపుంత
మా స్టేషనులో నాయకత్వ పరీక్ష ఎక్కడ ఎదురైందో చెబుతాను, అది ఈమెయిలు దగ్గర కాదు. కమ్యూనిటీ రేడియో సొంతంగా వార్తలు ప్రసారం చేయకూడదు. ఆకాశవాణి వార్తలను మార్పు లేకుండా ఇవ్వవచ్చు. మంచినీటి సరఫరా, కరెంటు, వాతావరణం, ఆరోగ్య హెచ్చరికలు, పరీక్షా ఫలితాలు, ఉద్యోగ ప్రకటనలు వంటివి మాత్రం వార్తలుగా లెక్కకు రావు. రెండేళ్ల కిందట ఒక ఊళ్లో ట్యాంకు నీళ్లు తాగి పిల్లలకు వాంతులయ్యాయి. మా కుర్ర రిపోర్టరు పంచాయతీ నిర్లక్ష్యం అంటూ ఒక కథనం తెచ్చాడు. స్టేషన్ హెడ్ ఊళ్లో లేరు. మా దగ్గర వంటగది చూసుకునే పెద్దావిడ విని, నిర్లక్ష్యం మాట రేపు చూసుకోవచ్చు, ఇప్పుడు నీళ్లు కాచి తాగమని చెప్పండి, ఏ ట్యాంకో చెప్పండి, ఆసుపత్రి నంబరు చెప్పండి అన్నారు. అదే ప్రసారం చేశాం. నిబంధన ఆమెకు తెలియదు, అయినా నిబంధనకు లోబడిన ప్రకటన ఆమె నోటి నుంచే వచ్చింది. పంచాయతీ నిర్లక్ష్యం గురించి తర్వాత సర్పంచినీ, ఊరివాళ్లనూ కూర్చోబెట్టి చర్చా కార్యక్రమంగా చేశాం.

మూడు నెలల టేపు
పాలపుంత గారి ఉదాహరణ శిక్షణల్లో వాడుకుంటాను, అనుమతి ఉందనుకుంటున్నాను. కుర్ర రిపోర్టరు కథనాన్ని పూర్తిగా పారేయకుండా చర్చగా మార్చారు చూడండి, అక్కడే స్టేషన్ హెడ్ పని ఉంది.

పాలపుంత
వాడుకోండి. ఆ పెద్దావిడ ఇప్పుడు వంటల కార్యక్రమం చేస్తున్నారు. కుర్రవాడు మాత్రం ఇంకా అలిగే ఉన్నాడు.

లెక్కల చీటీ
దారి గురించి ఒక చిన్న ఆశ కూడా చెప్పాలి. అదే 2024 మార్గదర్శకాల ప్రకారం, అనేక జిల్లాల్లో పనిచేసే ఒకే సంస్థ వేర్వేరు జిల్లాల్లో ఆరు స్టేషన్ల వరకు పెట్టుకోవచ్చు. మీ సంస్థకు పక్క జిల్లాల్లో పని ఉంటే, స్టేషన్ హెడ్‌కు పైన స్టేషన్లన్నిటినీ చూసుకునే ఒక పదవి పుట్టవచ్చు. సంస్థవారి ఆలోచన ఏమిటో ఇప్పుడే అడిగి తెలుసుకోండి. మీ నిచ్చెనకు రెండో మెట్టు అక్కడ ఉందో లేదో తేలిపోతుంది.

ఉప్పుకారం
ఆరు స్టేషన్లకు ఒకే జీతం ఇస్తారేమో కూడా అడగండి.

వేకువ ప్రసారం
నిన్న సంస్థవారిని కలిశాను. మూడు సంగతులు కాగితం మీద పెట్టాను. అక్కను కార్యక్రమాల సంపాదకురాలిగా నియమించాలి, ఆమె వేతనం నా కొత్త వేతనంతో సమానంగా ఉండాలి. కార్యక్రమాలపై తుది మాట కమిటీది, కమిటీలో మా ఇద్దరికీ స్థానం ఉండాలి. నన్ను తొలగించాలంటే మూడు నెలల ముందు కారణంతో రాతపూర్వకంగా చెప్పాలి. మొదటిదానికి డబ్బు లేదన్నారు. అయితే నా పెంపు నాలుగు వేలను ఇద్దరికీ చెరి రెండు వేలుగా పంచండి అన్నాను. లెక్క కుదిరిందని ఒప్పుకున్నారు. ఆమె పాత వేతనం కూడా 14,000 కాబట్టి ఇద్దరం 16,000 దగ్గర సమానమయ్యాం. రెండోది సరేనన్నారు. మూడోదానికి మూడు నెలలు కాదు, రెండు అన్నారు. పక్క జిల్లా స్టేషను ఆలోచన ఉంది గాని దరఖాస్తు ఇంకా పెట్టలేదట.

అక్కకు చెబితే మొదట తిట్టారు. నీ రెండు వేలు నాకెందుకు పోగొట్టుకున్నావు అన్నారు. సాయంత్రం మళ్లీ ఫోన్ చేసి, సంపాదకురాలు అంటే సంతకం ఎక్కడ పెట్టాలి అని అడిగారు.

ఉప్పుకారం
జీతం తగ్గించుకుని బేరం గెలిచినవారిని మొదటిసారి చూస్తున్నాను. నాకు ఇది నచ్చలేదు, రెండు వేలు సంస్థే భరించి ఉండవలసింది. వచ్చే ఏడాది మళ్లీ అడగండి, ఇద్దరి తరఫునా అడగండి.

జొన్నకంకి
మొదటి వాక్యంతో విభేదిస్తాను, చివరి వాక్యంతో ఏకీభవిస్తాను.

వేకువ ప్రసారం
వచ్చే ఏప్రిల్‌లో అడుగుతాను, తేదీ రాసుకున్నాను. పాత ట్రాన్సిస్టర్ గారూ, నియామక పత్రం నమూనా ఒకటి పంపగలరా? మా సంస్థవారు నన్నే రాసుకు రమ్మన్నారు. సోమవారం లోపల ఇవ్వాలి.

పాత ట్రాన్సిస్టర్
రెండు నమూనాలు పంపాను, ఒకటి మీకు, ఒకటి మీ అక్కగారికి. ఆమె కాగితంలో అక్షరాలు పెద్దవిగా పెట్టాను. సెలవుల దగ్గర ఖాళీ వదిలాను, అది మీరిద్దరూ కూర్చుని నింపుకోండి.